ఇంట్లో చెక్క వేపరైజర్ చేసుకోవాలంటే: ముందు హీటర్, ఆ తర్వాతే చెక్క

మీరు అడిగినవి నాలుగు సంగతులు. పాత ద్వారబంధం నుంచి ఊడదీసిన టేకు ముక్క ఉంది, దాన్ని గుండ్రంగా తొలిచి వేపరైజర్ (నీళ్లనూ సుగంధ నూనెనూ వేడిచేసి గదికి పరిమళం పట్టించేది) చేయవచ్చా? పాడైన సోల్డరింగ్ ఐరన్‌లోని నిక్రోమ్ తీగ హీటర్‌గా పనికొస్తుందా? లోపల ఏ పాలిష్ వేయాలి? గదిలో నీలగిరి, లావెండర్ వాసన కోసం చేసిన ఈ వేపరైజర్‌కే తర్వాత గొట్టం బిగించి, ఎండాకుల ఆవిరి పీల్చుకోవచ్చా?

చెక్కపనిలో, చిన్న హీటర్ల పనిలో చాలాకాలంగా ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. చివరి ప్రశ్నకు నా జవాబు వద్దనే, కారణం కింద రాశాను. మిగతా మూడింటికీ జవాబు ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది. ఈ వస్తువులో చెక్క పని పైకి కనిపించడం, చేతికి తగలడం, అంతే. వేడిని మోసే పని దానికి పెట్టకూడదు. చాలామంది అందమైన ముక్క చూసి ముచ్చటపడి ముందు దాన్ని తొలిచేస్తారు, ఆ తొర్రలో పట్టే హీటర్ కోసం తర్వాత వెతుకుతారు. చేయాల్సింది దీనికి తిరగేసి. ముందు వేడి భాగాన్ని విడిగా తయారు చేసి, నడిపి, ఎంత వేడెక్కుతోందో కొలిచి, ఆ కొలతలకు తగ్గట్టు చుట్టూ చెక్క కట్టాలి.

చెక్క అంటుకోవాలంటే 250 డిగ్రీలు దాటాలి కదా, మనది అంత వేడి లేదు కదా అని ఒక మాట వినిపిస్తుంటుంది. అది కాసేపటి వేడికి వర్తించే లెక్క. 100 డిగ్రీలకు దగ్గరగా రోజూ గంటల తరబడి కాగే చెక్క నెమ్మదిగా నల్లబడుతుంది, పెళుసవుతుంది, అంటుకునే గుణం పెరుగుతుంది. అందుకే వేడి పరికరాల పక్కనుండే చెక్కకు 90 డిగ్రీలను గరిష్ఠ హద్దుగా చాలా భద్రతా ప్రమాణాలు పెట్టుకున్నాయి. ఇంట్లో చేసే పనికి నేను పెట్టుకునే హద్దు ఇంకా తక్కువ, లోపలి గోడ 50 దాటకూడదు. ఎందుకంటే జిగురు, పాలిష్ రెండూ చెక్క కంటే ముందే మెత్తబడతాయి.

పైన చెయ్యి పెట్టి చూసి చల్లగానే ఉందని ధైర్యపడకండి. చెక్కలోంచి వేడి పాకే వేగం అల్యూమినియంతో పోలిస్తే దాదాపు వెయ్యి రెట్లు తక్కువ. లోపలి గోడ మాడుతున్నా బయటి వైపు గోరువెచ్చగానే ఉంటుంది. దీనికి కొలత ఒక్కటే దారి. మల్టీమీటర్‌కి తగిలించే కె-టైప్ థర్మోకపుల్ తీగ ఒకటి తెచ్చుకోండి. ఈ పనిలో ఉలి కంటే అదే ముఖ్యమైన పనిముట్టు.

ఇక నిక్రోమ్ తీగ సంగతి. మీ ఐరన్ 230 వోల్టులకు తయారైన 25 వాట్లది అనుకుందాం. దాని నిరోధం దాదాపు 2,100 ఓములు. 12 వోల్టుల అడాప్టర్‌కి కలిపితే అందులో పుట్టే వేడి ఒక వాటులో పదో వంతు కూడా ఉండదు, చీమకి కూడా సెగ తగలదు. పోనీ నేరుగా గోడ ప్లగ్గుకే పెడదామంటే, నీళ్లూ నూనే ఉండే చెక్కపెట్టెలోకి మెయిన్స్ కరెంటు తెచ్చినట్టు. పైగా ఆ తీగకు ఎక్కడ ఆగాలో తెలియదు. నీళ్లు అయిపోయాక కూడా కాగుతూనే ఉంటుంది. దాన్ని పక్కన పెట్టేయండి.

దాని బదులు 12 వోల్టుల పీటీసీ హీటర్ తీసుకోండి. బేరియం టైటనేట్ ఆధారంగా చేసిన సిరామిక్ బిళ్ల అది. ఒక ఉష్ణోగ్రత దగ్గరికి రాగానే దాని నిరోధం ఒక్కసారిగా పెరిగిపోయి, కరెంటు దానంతటదే తగ్గిపోతుంది. అంటే హద్దు ఆ పదార్థంలోనే ఉంది, దానికి వేరే కంట్రోలర్ అక్కర్లేదు. 70, 80, 110, 150 ఇలా రకరకాల హద్దులతో దొరుకుతాయి. మీకు 80 డిగ్రీలది చాలు. మొదలెట్టినప్పుడు మాత్రం మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి, 12 వాట్ల హీటరే అయినా అడాప్టర్ 2 ఆంపియర్లది పెట్టుకోండి. ఈ రకంలో నాకు నచ్చే ఇంకో గుణం, తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు లేకపోవడం. రెండు లోహపు రేకుల థర్మోస్టాట్ ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ వేస్తుంది. నూనె ఆవిరి ఉన్నచోట అది నాకిష్టం ఉండదు.

నీలగిరి నూనెలో ముఖ్యమైన సినియోల్ 176 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మరి 80 ఎలా సరిపోతుంది అని అడగొచ్చు. వాసన రావడానికి నూనె మరగనక్కర్లేదు. వేడినీటి మీద తేలే నూనె నీటి ఆవిరితో కలిసి 100 లోపే పైకి లేస్తుంది, ఆకుల నుంచి నూనె తీసే పద్ధతి కూడా ఇదే సూత్రం. ఇంకా వేడి పెంచితే ముందొచ్చే తేలికైన పరిమళం ఎగిరిపోయి, అడుగున మాడు వాసన మిగులుతుంది. మరో కారణం కూడా ఉంది. నీలగిరి నూనె ఫ్లాష్ పాయింట్ 50 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఆ వేడి దాటాక దాని ఆవిరికి రవ్వ తగిలితే అంటుకోగలదు. కాబట్టి వేడి లోహం మీద నేరుగా నూనె ఎప్పుడూ పోయకండి. నీళ్ల మీద నాలుగైదు చుక్కలు, అంతే. 12 వాట్లన్నీ నీటికే చేరినా గంటకు 19 గ్రాములకు మించి ఆవిరి కాదు. చుట్టూ పోయే వేడి తీసేస్తే అందులో సగం కూడా ఉండకపోవచ్చు. 60 మిల్లీలీటర్ల గిన్నె సాయంత్రమంతా వస్తుంది.

వేడి భాగం ఇలా కట్టండి. 50 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం బిళ్ల ఒకటి. దాని కింద పీటీసీని పల్చటి థర్మల్ పేస్టుతో ఆనించి, చిన్న స్టీలు పట్టీతో బిగించండి. బిళ్లను మూడు పొడవాటి బోల్టుల మీద, అడుగు నుంచి 30 మిల్లీమీటర్ల ఎత్తులో నిలబెట్టండి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. ఇత్తడివి చూడ్డానికి బాగుంటాయి గానీ వాటిలోంచి వేడి ఏడు రెట్లు సులువుగా కిందికి దిగుతుంది. బిళ్ల మీద కూర్చునే గిన్నె అడుగు చదునుగా ఉండాలి. మామూలు స్టీలు గ్లాసులకు అడుగు లోపలికి నొక్కి ఉంటుంది, అంచు మాత్రమే ఆనుతుంది. హీటర్ సరిగ్గా పనిచేస్తున్నా నీళ్లు వేడెక్కడం లేదని వచ్చే ఫిర్యాదులకు ఎక్కువసార్లు కారణం ఇదే. అద్దం లాంటి చదునైన దాని మీద గిన్నెను పెట్టి, కింద కాగితం దూరుతుందేమో చూసి కొనండి.

కరెంటు వచ్చే తీగలో ఒక థర్మల్ ఫ్యూజ్ తప్పనిసరి. 80 డిగ్రీల హీటర్‌కి 100 చుట్టుపక్కల తెగేది సరిపోతుంది, దాన్ని బిళ్లకు ఆనించి పెట్టండి. పీటీసీకే హద్దు ఉన్నప్పుడు ఇదెందుకంటారేమో. ఇంట్లో కట్టిన హీటర్‌కి భద్రత ఒకే దాని మీద నిలబడకూడదు. ఈ ఫ్యూజ్‌కి నేరుగా సోల్డర్ పెడితే ఆ వేడికే అది తెగి కూర్చుంటుంది. క్రింప్ చేయండి, అంటే తీగలను చిన్న లోహపు గొట్టంలో పెట్టి పటకారుతో నొక్కి కలపండి. సోల్డర్ తప్పదంటే, ఫ్యూజ్‌కీ సోల్డర్‌కీ మధ్య కాడను ముక్కుపటకారుతో పట్టుకోండి, వేడి పటకారు లాగేసుకుంటుంది. లోపల విడి లిథియం సెల్స్ పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. చెక్కపెట్టె, హీటర్, లిథియం సెల్, ఈ మూడూ ఒకచోట ఉండాల్సినవి కావు.

ఇప్పుడు ఆ వేడి భాగాన్ని ఒక్కదాన్నే పలక మీద పెట్టి నడపండి. గిన్నెనీ బిళ్లనీ ముందు సబ్బుతో కడగాలి, తయారీలో అంటిన మిషన్ ఆయిల్ ఉంటుంది. మొదటిసారి నీళ్లు లేకుండా, కిటికీలు తీసి, ఎదురుగా కూర్చుని రెండు గంటలు నడపండి. బిళ్ల ఎంత దగ్గర నిలబడింది, బోల్టు కింది కొస ఎంత వేడెక్కింది, చుట్టూ 10 మిల్లీమీటర్ల దూరంలో గాలి ఎంత వేడిగా ఉంది, ఈ మూడూ రాసుకోండి. ఆ కాగితమే మీ చెక్కపనికి ప్లాను.

మీ టేకు ముక్క విషయానికి వద్దాం. టేకు ఈ పనికి చాలా మంచిది. చేవ ఉన్న టేకు తేమకు తక్కువ ఉబ్బుతుంది, తక్కువ కుంచించుకుపోతుంది. కానీ మీది పాత ద్వారబంధం. దాని మీద పాత రంగు పొరలుంటే వాటిలో సీసం ఉండే అవకాశం గట్టిగానే ఉంది. చెదల మందు పట్టించి ఉండవచ్చు, లోపల తుప్పుపట్టిన మేకులు విరిగి ఉండవచ్చు. రంగును ఉప్పుకాగితంతో రుద్దకండి, మంటతో కాల్చకండి, ఆ దుమ్మూ పొగా ఇంట్లోనే ఉండిపోతాయి. రంగు ఉన్న ముఖాలను రంపంతో మందంగా కోసి పారేసి, లోపలి చెక్క మాత్రమే వాడండి. మందు వాసన ఇంకా వస్తుంటే ఆ ముక్క ఈ పనికి వద్దు, గోడకు కొక్కెం చేసుకోండి.

టేకు లేనివాళ్లు వాల్‌నట్, మేపుల్, బాగా ఆరిన పనస, మామిడి వాడుకోవచ్చు. మామిడికి పురుగు త్వరగా పడుతుంది, అంతే తేడా. పైన్ లాంటి బంకచెట్ల చెక్క వేడికి బంక కారుస్తుంది. రోజ్‌వుడ్ అందమైనదే గానీ దాని పొడి చాలామందికి దద్దుర్లు తెస్తుంది. గన్నేరు జోలికి వెళ్లకండి, అది విషం. ప్లైవుడ్, ఎండీఎఫ్ రెండూ వద్దు. వాటిని కట్టి ఉంచే జిగురు వేడికి ఫార్మాల్డిహైడ్ వదులుతుంది, వాసన కోసం చేసిన పరికరంలోంచి రావాల్సిన ఆవిరి అది కాదు. ఏ చెక్కైనా దుమ్ము దుమ్మే. చెక్కపొడిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో 1995లోనే చేర్చారు. ఎన్95 మాస్కు లేకుండా ఉప్పుకాగితం పట్టకండి.

ముక్క ఆరిందో లేదో తెలుసుకోవడానికి తేమ మీటరే అక్కర్లేదు. వంటింటి తూకం మీద రెండు మూడు రోజులకోసారి తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగి, వరుసగా కొన్నిసార్లు ఒకే అంకె వస్తే మీ గది తేమతో సమానమైనట్టే.

గుండ్రంగా తొలచడం గురించి నా అభిప్రాయం కాస్త గట్టిగానే ఉంటుంది. లేత్ మిషను, దాని మీద చెయ్యి తిరిగిన అనుభవం లేకపోతే ఒకే ముక్కను తొలచకండి. నిండు ముక్కలో తొర్ర చేసి లోపల వేడి పెడితే లోపలి ముఖం ముందు ఆరి ముడుచుకుంటుంది, బయటి ముఖం ముడుచుకోనివ్వదు, మధ్యలో ఎక్కడో పగులుతుంది. కొమ్మ నడిమధ్య గుజ్జు ఆ ముక్కలో ఉంటే పగులు ఖాయం అనుకోండి. ఇంకొందరు తొర్రలోకి స్టీలు గ్లాసును బిగుతుగా కొట్టి దింపుతారు. చెక్క ముడుచుకుంటుంది, స్టీలు ముడుచుకోదు. ఎండాకాలం వచ్చేసరికి పైనుంచి కిందికి ఒక గీత పడుతుంది.

నాలుగు పలకల పెట్టె చేయండి. పలకలు 12 మిల్లీమీటర్ల మందం, 94 వెడల్పు, 90 ఎత్తు. అంచులు 45 డిగ్రీల కోతతో కలిపితే లోపల 70 మిల్లీమీటర్ల చదరం వస్తుంది, 50 మిల్లీమీటర్ల బిళ్ల చుట్టూ 10 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. నార (చెక్కలో పోగులు సాగే దిశ) నాలుగింటిలోనూ నిలువుగానే ఉండాలి, ఇందులో రాజీ లేదు. చెక్క పొడవు దాదాపు మారదు, వెడల్పు మారుతుంది. టేకులో తేమ నాలుగు శాతం మారితే 94 మిల్లీమీటర్ల పలక వెడల్పులో ముప్పావు మిల్లీమీటరు వరకు తేడా రావచ్చు. నాలుగూ ఒకే తీరుగా పెరిగి తరిగితే మూలలు విడిపోవు. ఒక్క పలక నార అడ్డంగా పెట్టినా ఆ మూలే తెరుచుకుంటుంది.

టేకులో సహజమైన నూనె ఉంటుంది, జిగురు సరిగ్గా పట్టదు. కోసిన వెంటనే అంచులను అసిటోన్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరగానే జిగురు పెట్టండి. మామూలు తెల్ల జిగురు చాలు, మన గోడ 50 దాటదు కాబట్టి. అయినా ప్రతి మూలలోనూ అడ్డంగా రెండు చెక్క చీలలు దిగగొట్టండి, ఎప్పుడైనా జిగురు మెత్తబడ్డా చీలలు పట్టి ఉంచుతాయి. గ్లూగన్ జిగురు, ఇన్‌స్టంట్ జిగురు రెండూ ఇక్కడ పనికిరావు.

అడుగు పలకను చుట్టూ జిగురుతో అతికించకండి. నాలుగు స్క్రూలు, పలకలో వాటి రంధ్రాలు కాస్త వదులుగా. రిపేరుకి విప్పుకోవడానికీ వీలుంటుంది. దానికి 12 మిల్లీమీటర్ల రంధ్రాలు ఎనిమిది వేసి, పెట్టె కింద 10 మిల్లీమీటర్ల కాళ్లు పెట్టండి. పైన గిన్నె చుట్టూ కూడా అంతే ఖాళీ ఉండాలి. చల్లటి గాలి కిందనుంచి దూరి, బిళ్ల పక్కగా పైకి పోతుంటుంది. చెక్కను కాపాడేది నిజానికి ఈ గాలే, మందం కాదు. పొరపాటున గిన్నె పొంగినా నీళ్లు ఆ రంధ్రాల్లోంచే కిందికి పోతాయి. అందుకే తీగల జాయింట్లను రంధ్రాల మీద కాకుండా పక్క గోడకు కట్టండి. పైమూత చెక్కతో చేయకండి. ఆవిరి నేరుగా తగిలే చోట ఏ చెక్కైనా వంకర పోతుంది. పల్చటి స్టీలు రేకుకి గిన్నె కంటే 12 మిల్లీమీటర్లు పెద్ద రంధ్రం చేసి, నాలుగు మూలల దిమ్మెల మీద రెండు మిల్లీమీటర్ల ఎత్తులో కూర్చోబెడితే చాలు. రంధ్రం అంచును నునుపుగా అరగదీయండి, లేకపోతే వేలు తెగుతుంది. అన్నట్టు అల్ట్రాసోనిక్ మిస్ట్ బిళ్లను చెక్కపెట్టెలో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది వేడి లేకుండానే నీటిని తుంపరగా చిమ్ముతుంది, ఆ తుంపర మొదట తడిపేది ఈ పెట్టెనే.

పాలిష్ గురించి. 120, 180, 240 నంబర్ల ఉప్పుకాగితం వరుసగా పట్టి, బయట టంగ్ ఆయిల్ గానీ లిన్సీడ్ (అవిసె) ఆయిల్ గానీ పల్చగా రెండు మూడు పూతలు. ఈ నూనెలు ఆవిరై ఆరవు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడతాయి. అందుకే తాకితే ఆరినట్టున్నా లోపల ఇంకా గట్టిపడుతూనే ఉంటాయి. మూడు వారాలు ఆగి, ముక్కు ఆనించినా వాసన రాకపోతేనే హీటర్ వేయండి. కంగారు పడితే లావెండర్‌తో పాటు లిన్సీడ్ వాసన కూడా నెలంతా వస్తుంది.

నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. గట్టిపడేటప్పుడు పుట్టే వేడి ఆ ముడతల్లో పేరుకుని గుడ్డ దానంతటదే అంటుకోగలదు. ఇది బెదిరింపు కాదు, చెక్క వర్క్‌షాపుల్లో మంటలు లేచేందుకు పేరున్న కారణం. బయట తీగ మీద ఒంటిపొరగా ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి.

లోపల మాత్రం నూనె, మైనం వద్దు. తేనెమైనం 62 డిగ్రీల చుట్టుపక్కల కరిగిపోతుంది, అంతకు చాలా ముందే జిగటగా తయారవుతుంది. లోపలి గోడలకు స్పిరిట్‌లో కరిగించిన లక్క ఒకే ఒక పల్చటి పూత వేయండి. ఒకవైపే పూత ఉంటే పలక వంగుతుంది, అందుకోసం. స్పిరిట్ ఎగిరిపోయాక లక్కకు వాసనుండదు, లోపలి చెక్క వాసననూ అది ఆపుతుంది. పై అంచుకు మాత్రం లక్క వేయకండి. అక్కడ ఎప్పుడో ఒకప్పుడు నూనె చుక్క పడుతుంది. ముఖ్యంగా నారింజ, నిమ్మ తొక్కల నూనెల్లో ఉండే లిమోనిన్ మంచి ద్రావకం, పాలిష్‌ని తినేస్తుంది. థర్మోకోల్‌నే కరిగించేస్తుంది.

అంతా బిగించాక మళ్లీ కొలతలు. బిళ్లకు దగ్గరగా ఉన్న గోడకు థర్మోకపుల్ అంటించి, నీళ్లతో రెండు గంటలు, నీళ్లు లేకుండా రెండు గంటలు నడపండి. తర్వాత అడుగు రంధ్రాలను కావాలనే గుడ్డతో మూసి మరో గంట. దగ్గరే ఉండి చూడండి. పరుపు మీదో కార్పెట్ మీదో ఎవరైనా పెడితే జరిగేది అదే. మామూలుగా 50 లోపు, మూసినప్పుడు 65 లోపు ఉంటే పాసైనట్టు. దాటితే గోడకూ బిళ్లకూ మధ్య పల్చటి అల్యూమినియం రేకును, రెండువైపులా గాలి ఆడేలా నిలబెట్టండి. చాలా తగ్గుతుంది.

ఇక గొట్టం. ఆకుల్లోంచి ఆవిరి లాగాలంటే 180 నుంచి 200 డిగ్రీలు కావాలి, ఇంకాస్త దాటితే ఆకు మాడి పొగే వస్తుంది. ఆ వేడికి పైన చెప్పిన గోడలు, జిగురు, పూతలు ఏవీ నిలవవు. అంతకంటే పెద్ద చిక్కు, అప్పుడు గాలి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ దారిలో సోల్డర్, థర్మల్ పేస్టు, జిగురు, ఫైబర్‌గ్లాస్ తొడుగు ఏదీ ఉండకూడదు, గాజు, స్టీలు మాత్రమే ఉండాలి. గదికోసం చేసిన పెట్టెలో పేస్టు, జిగురు లాంటివి ఉన్నాయి. నూనెలు పీల్చడమైతే అసలే వద్దు. నూనె తుంపర ఊపిరితిత్తుల్లో చేరితే ఒక రకం న్యుమోనియా రావచ్చు. 2019లో అమెరికాలో వేపింగ్ చేసేవాళ్లలో (ఈ-సిగరెట్ల లాంటి వాటితో ఆవిరి పీల్చేవాళ్లలో) వచ్చిన ఊపిరితిత్తుల జబ్బులకు, ద్రవాల్లో కలిపిన విటమిన్ ఈ అసిటేట్‌తో గట్టి సంబంధం కనిపించింది. చర్మానికి మంచిదైనంత మాత్రాన ఊపిరికి మంచిది కాదు. నికోటిన్ ద్రవాలకు వాడే పరికరాలనైతే చాలా దేశాలు నిషేధించాయి కూడా.

గదిలో వాడేటప్పుడు కూడా కిటికీ కొంచెం తీసి ఉంచండి. రెండేళ్ల లోపు పిల్లలున్న గదిలో నీలగిరి, కర్పూరం, మెంథాల్ వేయకండి. ఇంట్లో పిల్లి ఉంటే చాలా నూనెలు దానికి పడవు, అదుండే గదిలో వద్దు.

వాడాక గిన్నె అడుగున జిగట పొర మిగులుతుంది. చల్లారాక స్పిరిట్ దూదితో తుడవండి, పెట్టె లక్క మీద మాత్రం ఆ దూది తగలనివ్వకండి. ఎప్పుడైనా ఫ్యూజ్ తెగితే, కొత్తది వేసే ముందు గిన్నె అడుగు, గాలి రంధ్రాలు, హీటర్ పట్టీ చూసుకోండి. దాన్ని తీసేసి తీగలు నేరుగా కలపకండి.